ఇనుప పిస్టలా, పాలిమర్ పిస్టలా? నడుముకు కట్టేముందు చూసుకోవాల్సినవి

మా బావమరిది కొడుకు అనంతపురం పోలీస్ ట్రైనింగ్ కాలేజీలో ఎస్సై ట్రైనింగ్ ముగించుకుని మొన్న ఇంటికొచ్చాడు. కాళ్లు కడుక్కుని కూర్చున్నాడో లేదో, "మామా, స్టేషన్‌కు పోతే పాత నైన్ ఎంఎం ఇస్తారంట. అదే తీసుకోవల్నా, గ్లాక్ ఇప్పించమని అడగల్నా?" అన్నాడు. అదే వారంలో ఆదోని నుంచి, పత్తి వ్యాపారం చేసే తెలిసినాయన ఫోన్ చేశాడు. ఆయనకు లైసెన్సుంది. "అన్నా, పాత వాల్తర్ ఒకటి అమ్మకానికొచ్చింది. జర్మనీ ఇనుము. రేటు చానా చెప్తున్నారు. తీసుకోమంటావా? ఇప్పుడు తేలికవి వస్తున్నాయి కదా, వాటి కోసం ఆగమంటావా?"

ఇద్దరూ అడిగింది ఒకటే మాట: బరువైన ఇనుప పిస్టలా, గ్లాక్ లాంటి తేలికైన పాలిమర్ (గట్టి ప్లాస్టిక్) ఫ్రేము పిస్టలా? జవాబు మాత్రం ఒకటి కాదు. నేను ఏఆర్‌లో, అంటే ఆర్మ్‌డ్ రిజర్వ్ పోలీసులో, ఆయుధాల మరమ్మతు చూసే ఆర్మరర్‌గా పనిచేసి రిటైరై కర్నూల్లో ఉంటున్నాను. బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో, అంటే ఆయుధాల గదిలో, కూర్చుని రెండు రకాల పిస్టళ్లనూ విప్పి, తుడిచి, నూనె పట్టించి, మళ్లీ బిగించి చేతులు అరగదీసుకున్నవాణ్ణి. నా అనుభవంలో తేలిన సంగతి ముందే చెప్పేస్తాను. ఇనుప పిస్టల్ తుడవనివాణ్ణి ఓర్చుకోదు. పాలిమర్ పిస్టల్ వేలు ఆపుకోలేనివాణ్ణి ఓర్చుకోదు. మీరు ఈ ఇద్దర్లో ఎవరో మీకు తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే. మిగతా సగం బరువు, చెయ్యి, చట్టం.

ముందు రెంటినీ పరిచయం చేసుకుందాం

మన పోలీసుల చేతుల్లో పాతకాలం నుంచి ఉన్న "పిస్టల్ ఆటో నైన్ ఎంఎం 1ఏ" బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైంది. దాని మూలం బెల్జియం. అమెరికా వాడైన జాన్ బ్రౌనింగ్ మొదలుపెట్టాడు. ఆయన 1926లో పోయాక ఎఫ్ఎన్ కంపెనీ ఇంజినీరు డ్యుడొనె సైవ్ పూర్తిచేశాడు. 1935లో బయటికొచ్చింది కాబట్టి చాలాచోట్ల దాన్ని పీ-35 అని కూడా అంటారు. హై పవర్ అన్నా అదే. రెండో ప్రపంచ యుద్ధంలో కెనడాలోని ఇంగ్లిస్ కంపెనీ దీన్ని తయారుచేసింది. మన ఇషాపూర్ పిస్టల్ ఆ ఇంగ్లిస్ రకానికి తోబుట్టువు. ఫ్రేము, అంటే చేతిలో పట్టుకునే చట్రం, మొత్తం ఉక్కు. మ్యాగజైన్‌లో, అంటే పిడిలోకి ఎక్కించే తూటాల పెట్టెలో, 13 రౌండ్లు పడతాయి. తూటాలు లేకుండా కిలోకు దగ్గర్లో తూగుతుంది.

పాలిమర్ పిస్టల్ అనగానే అందరూ గ్లాక్‌తోనే మొదలుపెడతారు. నిజానికి 1970లోనే పశ్చిమ జర్మనీలో హెక్లర్ అండ్ కోచ్ వాళ్లు వీపీ-70 అని పాలిమర్ ఫ్రేముతో ఒకటి చేశారు. అది పెద్దగా నడవలేదు. ఆస్ట్రియా సైన్యం 1982లో గ్లాక్ 17ను తీసుకున్నాకే ప్రపంచం అటు తిరిగింది. దాన్ని తయారుచేసిన గాస్టన్ గ్లాక్‌కు అంతకుముందు తుపాకుల పరిశ్రమలో అనుభవమే లేదు. అందుకే కాబోలు, పాతవాళ్లు పట్టుకుని వేలాడిన అలవాట్లేవీ ఆయన్ను కట్టెయ్యలేదు.

ఒక అపోహ ఇక్కడే తీర్చాలి. "ప్లాస్టిక్ తుపాకీ, మెషిన్లో కనపడదు" అని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. చేతిలో పట్టుకునే ఫ్రేము మాత్రమే పాలిమర్, అంటే గట్టి నైలాన్ రకం. స్లయిడ్ (పైన ముందుకూ వెనక్కీ జారే భాగం), బ్యారెల్ (గొట్టం), స్ప్రింగులు, స్లయిడ్ జారే పట్టాలు అన్నీ ఉక్కే. బరువు లెక్కన చూస్తే గ్లాక్‌లో 80 శాతానికి పైగా ఉక్కే ఉంది. ఎక్స్‌రే మెషిన్లో చక్కగా కనపడుతుంది.

ఈ రెండింటికీ నడుమ అల్యూమినియం ఫ్రేములున్నాయి. అమెరికా సైన్యం కథ చూస్తే క్రమం అర్థమవుతుంది. 1911లో తీసుకున్న కోల్ట్ పూర్తి ఉక్కు, కిలోకు పైనే. 1985లో దాన్ని తీసి అల్యూమినియం ఫ్రేమున్న బెరెట్టా తెచ్చుకున్నారు. 2017లో పాలిమర్ ఫ్రేమున్న సిగ్‌కు మారారు. ఎక్కువ ఆలోచించి, ఎక్కువ ఖర్చుపెట్టి ఎంచుకునేవాళ్లు వరుసగా తేలికదనం వైపే నడిచారు. కానీ వాళ్లకు కావాల్సినంత ప్రాక్టీసు రౌండ్లున్నాయి. మనకున్నాయా లేదా అన్నది నేను తర్వాత మాట్లాడతాను, ఎందుకంటే అసలు మెలిక అక్కడుంది.

బరువు: నడుముకు ఒక లెక్క, చేతికి ఒక లెక్క

ఒక నైన్ ఎంఎం రౌండు సుమారు 12 గ్రాములు. పాత పిస్టల్‌లో 13 నింపితే మొత్తం కిలో నూటయాభై దాకా పోతుంది. గ్లాక్‌లో 17 నింపినా 900 గ్రాముల చిల్లరే. నాలుగు రౌండ్లు ఎక్కువ మోస్తూ కూడా పావుకిలో తక్కువ. కాగితం మీద పావుకిలో ఏముందనిపిస్తుంది. గన్‌మెన్ డ్యూటీ చేసినవాణ్ణి అడగండి. పొద్దున ఆరింటికి బెల్టు బిగిస్తే రాత్రి పదింటికి విప్పేవాడు. కార్లో ఎక్కి దిగి, పెళ్లిళ్లలో నిలబడి, ఊరేగింపుల్లో పరుగెత్తి. కుడి తుంటి పైన బెల్టు కోసిన గుర్తు వాళ్లకు చర్మం మీదే ఉంటుంది. నాకు తెలిసిన ఒక కానిస్టేబుల్ బరువు తట్టుకోలేక హోల్స్టర్‌ను వెనక్కి వెనక్కి జరుపుకుంటూ చివరికి వెన్ను మధ్యకు తెచ్చుకున్నాడు. అక్కడున్న పిస్టల్ అవసరానికి చేతికందదు. కూర్చుంటే వెన్నుపూసకు తగులుతుంది. బరువైన పిస్టల్ చేసే అసలు చేటు ఇదే. మోసేవాడు దాన్ని ఉండాల్సిన చోట ఉంచుకోడు, లేదా మెల్లగా ఇంట్లోనే వదిలేసి పోవడం మొదలుపెడతాడు.

పేల్చేటప్పుడు మాత్రం లెక్క తిరగబడుతుంది. అదే రౌండు, అదే తూటా. పిస్టల్ ఎంత తేలికైతే వెనక్కి తన్నే శక్తి అంత ఎక్కువ. ఏడొందల గ్రాముల పిస్టల్, కిలో పిస్టల్ కంటే దాదాపు 40 శాతం ఎక్కువ శక్తితో చేతిని తంతుంది. పాలిమర్ ఫ్రేము కొద్దిగా వంగి ఆ దెబ్బను కొంత తాను తాగుతుంది. గ్లాక్‌లో బ్యారెల్ చేతికి బాగా దగ్గరగా, కిందికి ఉంటుంది కాబట్టి మూతి మరీ పైకి లేవదు. ఈ రెండూ కలిసి ఆ 40 శాతంలో కొంత పూడుస్తాయి. అయినా ఏడాదికి ఒక్కసారి, వార్షిక ఫైరింగ్ నాడు మాత్రమే పిస్టల్ ముట్టేవాడికి బరువైన ఇనుముతో టార్గెట్ మీద గుంపు దగ్గరగా పడడం నేను ఎన్నోసార్లు చూశాను. బరువు చేతి వణుకును మింగేస్తుంది. అలవాటు లేని చేతికి అది పెద్ద సాయం.

మెలిక ఇదే. మోయడానికి పాలిమర్ మేలు. కొట్టడానికి, ప్రాక్టీసు లేనివాడికి, ఇనుము మేలు. ప్రాక్టీసు దొరికితే ఆ రెండో మేలు కరిగిపోతుంది. కాబట్టి పాలిమర్ అడిగేవాడు దాంతోపాటు రౌండ్లు కూడా అడగాలి. రౌండ్లు ఇవ్వకుండా పిస్టల్ మాత్రం కొత్తది ఇచ్చే చోట నేనైతే పాతదే తీసుకుంటాను.

మన ఎండ, మన దుమ్ము, మన చెమట

ఆస్ట్రియా మంచుకు చేసిన పరీక్షలు మనకెందుకు? కర్నూల్లో మే నెల 43, 44 డిగ్రీలు తిరుగుతుంది. ఆ ఎండలో బందోబస్తుకు నిలబడ్డవాడి ఇనుప పిస్టల్ పిడి పక్కన ఉక్కు ఎంత కాలుతుందో పట్టుకున్నవాడికి తెలుసు. పాలిమర్ అంత వేడెక్కదు. కారు డ్యాష్‌బోర్డు మీద పెడితే కరిగిపోతుందేమో అని భయపడేవాళ్లున్నారు. ఆ నైలాన్ కరగాలంటే 200 డిగ్రీలు దాటాలి. కారు అంత వేడెక్కదు. కార్లో పిస్టల్ వదిలి వెళ్లడం తప్పు, అది వేరే సంగతి.

ఎండ కంటే చెమట ప్రమాదం. పాత పిస్టల్‌కు ఉన్న నల్ల పూత, బ్లూయింగ్ అంటాం, ఉక్కు మీద పలుచని పొర మాత్రమే. ఉప్పు చెమట దాన్ని తినేస్తుంది. తోలు హోల్స్టర్ చెమట పీల్చుకుని తడిగా ఉండి, రాత్రంతా ఆ తడిని పిస్టల్‌కు పూస్తూనే ఉంటుంది. ఒక ఎండాకాలం బందోబస్తు నుంచి తిరిగొచ్చిన పిస్టల్‌ను నేను హోల్స్టర్‌లోంచి లాగితే, చేతి మడమ ఆనేచోట గోధుమరంగు తుప్పు మచ్చలు అప్పటికే దిగి ఉన్నాయి. నాలుగు రోజులు. అంతే. డ్యూటీ చేసినవాడిది తప్పు అనలేను. పడుకోవడానికే చోటు లేనివాడు తుడుచుకోవడానికి చిందీ గుడ్డ ఎక్కడ తెచ్చుకుంటాడు? పాలిమర్ ఫ్రేముకు ఈ బాధ లేదు. గ్లాక్ స్లయిడ్ కూడా ఉక్కే కానీ, దాని పైపొరను నైట్రోజన్‌తో గట్టిపరిచి ఉంటారు కాబట్టి తుప్పు అంత తొందరగా పట్టదు. పట్టదని కాదు, ఆలస్యంగా పడుతుంది. లోపలి పిన్నులు, స్ప్రింగులు మామూలు ఉక్కే.

ఇక దుమ్ము. బేతంచెర్ల, తాడిపత్రి వైపు డ్యూటీ చేసినవాళ్ల పిస్టళ్లు విప్పితే లోపల తెల్లగా, పిండిలా పేరుకుని ఉంటుంది. నాపరాయి కోసే మిషన్ల దగ్గర గాల్లో తేలే రాతిపొడి అది. నూనె ఎక్కువైన పిస్టల్‌లో ఆ పొడి నూనెతో కలిసి సానపట్టే ముద్దలా మారి, స్లయిడ్ జారే పట్టాలను అరగదీస్తుంది. ఇక్కడ పాలిమర్‌కు ఒక మేలుంది. దాని పట్టాలు ఫ్రేము పొడవునా ఉండవు, నాలుగు చిన్న ఉక్కు పలకలే. పొడి ఇరుక్కునే చోటు తక్కువ. పాత ఇషాపూర్‌లో స్లయిడ్‌కు, ఫ్రేముకు మధ్య పట్టు పొడుగ్గా ఉంటుంది. అదే దాని కచ్చితత్వానికి ఒక కారణం, అదే దాని తంటా.

నూనె గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. మన వైపు లైసెన్సుదారులు తుపాకీకి ఇంట్లో ఉన్న నూనె పూస్తారు. కొబ్బరినూనె చలికాలం పేరుకుపోతుంది. శనగనూనె కొన్నాళ్లకు జిగురెక్కి, ఫైరింగ్ పిన్ను కదలకుండా పట్టేస్తుంది. కిరసనాయిల్‌తో కడిగి అలాగే వదిలేస్తే ఉన్న నూనెపొర కూడా పోయి తుప్పు మొదలవుతుంది. గన్ ఆయిల్ దొరక్కపోతే కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు, గుడ్డతో అద్ది, మళ్లీ పొడిగుడ్డతో తుడిచెయ్యండి. ఇనుముదైనా, పాలిమర్‌దైనా ఇదే.

వేలు

ఈ భాగం దగ్గర నాకు నెమ్మదిగా మాట్లాడడం రాదు, ఎందుకంటే పిస్టళ్ల వల్ల నేను చూసిన గాయాల్లో ఎక్కువ శత్రువు వల్ల కాదు, వేలి వల్ల.

ఇషాపూర్ నైన్ ఎంఎం సింగిల్ యాక్షన్. రౌండు చాంబర్లో, అంటే బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోట, ఉన్నా హామర్ (వెనకనున్న చిన్న సుత్తి) వెనక్కి లాగి ఉంటేనే పేలుతుంది. పక్కన బొటనవేలితో తిప్పే సేఫ్టీ ఉంది. మనవాళ్లు సాధారణంగా చాంబర్ ఖాళీగా ఉంచి తిరుగుతారు. అవసరమైతే స్లయిడ్ లాగాలి. అంటే పేలే ముందు రెండుమూడు పనులు చెయ్యాలి. ఆ ఆలస్యమే చాలామందిని కాపాడింది. గ్లాక్‌లో బొటనవేలి సేఫ్టీ లేదు. ట్రిగ్గర్ మధ్యలో ఒక చిన్న నాలుక, లోపల ఫైరింగ్ పిన్నును ఆపేది ఒకటి, కిందపడితే పేలకుండా మరొకటి, మూడూ ట్రిగ్గర్ నొక్కగానే వాటంతటవే వదులుతాయి. కింద పడితే పేలదు, అది గొప్ప భద్రత. కానీ చాంబర్లో రౌండుండి ట్రిగ్గర్ మీద ఏది నొక్కినా పేలుతుంది. అది వేలే కానక్కర్లేదు, హోల్స్టర్‌లో ఇరుక్కున్న చొక్కా అంచైనా సరే.

రెండింటికీ ఒక్కో మోసపు అలవాటుంది. హై పవర్ రకంలో మ్యాగజైన్ తీసేస్తే ట్రిగ్గర్ పనిచెయ్యదు. కొత్తవాడు మ్యాగజైన్ తీసి, ట్రిగ్గర్ నొక్కి, పేలలేదు కాబట్టి ఖాళీ అనుకుంటాడు. చాంబర్లో రౌండు అలాగే ఉంటుంది. మ్యాగజైన్ మళ్లీ ఎక్కించి నొక్కితే పేలుతుంది. గ్లాక్‌లో ప్రమాదం విప్పేటప్పుడు వస్తుంది. దాన్ని విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాల్సిందే. చాంబర్ చూసుకోకుండా, తుడుద్దామని కూర్చుని నొక్కితే గోడకో, అరచేతికో రంధ్రం పడుతుంది. అందుకే నేను నేర్పేటప్పుడు మూడు పనులు పాటలా అప్పజెప్పించేవాణ్ణి: మ్యాగజైన్ తియ్, స్లయిడ్ లాగి చాంబర్ కంటితో చూడు, చిటికెనవేలు పెట్టి తడుము. చీకట్లో కన్ను మోసపోయినా చిటికెనవేలు మోసపోదు.

పదిమంది చేతులు మారే పిస్టల్‌కు, అంటే స్టేషన్లో సెంట్రీ నుంచి సెంట్రీకి అందించుకునేదానికి, నా ఓటు ఇనుముకే. ఒక్కడి పేర, ఒక్కడి నడుముకు ఉండి, వాడికి తగిన శిక్షణ ఉంటే పాలిమర్.

చెయ్యి పట్టు

పాత బ్రౌనింగ్ పిడి వింత. 13 రౌండ్లు రెండు వరుసల్లో ఉన్నా సన్నగా, చేతిలో ఇమిడిపోతుంది. గ్లాక్ పిడి ఇటుకలా ఉందని మొదటిసారి పట్టుకున్నవాళ్లు అంటారు. పొట్టి వేళ్లున్నవాళ్లకు, ముఖ్యంగా మహిళా సిబ్బందికి, ట్రిగ్గర్ దూరమవుతుంది. వేలి మొదటి కణుపు ముందుభాగం ట్రిగ్గర్ మీద సరిగ్గా ఆనకపోతే గురి ఎడమకో కుడికో పోతుంది. 2010లో వచ్చిన నాలుగో తరం గ్లాక్ నుంచి పిడి వెనక పలకలు మార్చుకునే వీలుంది. మీకిచ్చింది ఏ తరందో చూసుకుని, చిన్న పలక బిగించమని ఆర్మరర్‌ను అడగండి. అడిగితే చేస్తారు. చాలామంది అడగరు.

పాత పిస్టల్ తప్పు వేరు. హామర్ వెనక్కి వచ్చినప్పుడు బొటనవేలికి చూపుడువేలికి మధ్య చర్మాన్ని కొరుకుతుంది. లావు చేతులవాళ్లు ఫైరింగ్ రోజు అక్కడ టేపు చుట్టుకుని వచ్చేవాళ్లు.

రిపేరు

దీనికి రెండు ముక్కలు చాలు. ఉక్కు ఫ్రేము తరాలు నిలుస్తుంది, చెక్కపిడి పగిలితే కొత్తది బిగించవచ్చు, గీతపడితే మళ్లీ పూత వేయించవచ్చు. పాలిమర్ ఫ్రేము చీలిందంటే అతుకు లేదు, కంపెనీకి పంపాల్సిందే. దాని నంబరు కూడా ఫ్రేములో పొదిగిన చిన్న ఉక్కు పలక మీదుంటుంది. కానీ చీలడం అరుదు. రెండింటిలోనూ ముందు చచ్చేది మ్యాగజైన్ స్ప్రింగు. రౌండ్లు నింపి ఏళ్ల తరబడి మూలన పెట్టిన మ్యాగజైన్‌ను నమ్మొద్దు.

లైసెన్సున్నవాళ్లకు

ఆదోని ఆయనకు చెప్పింది ఇక్కడి నుంచి. పైన చెప్పిన నైన్ ఎంఎం పోలిక అంతా యూనిఫాంలో ఉన్నవాళ్లది. మామూలు పౌరుడికి నైన్ ఎంఎం నిషేధిత బోరు (బోరు అంటే గొట్టం లోపలి కొలత). లైసెన్సుతో మనం కొనేది ప్రధానంగా .32 బోరు. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే, ఇదివరకు మూడుండేవి. లైసెన్సు గడువు ఐదేళ్లు. ఏడాదికి ఎన్ని తూటాలు కొనవచ్చో లైసెన్సులోనే రాసి ఉంటుంది. ఎన్నికలప్పుడు అధికారులు అడిగితే ఆయుధం తెచ్చి అప్పగించాలి. పెళ్లిలో సంబరానికి గాల్లో పేలిస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. మన వైపు పెళ్లిళ్లలో ఇది ఇంకా పూర్తిగా పోలేదు. పైకి పోయిన తూటా ఎవరో ఒకరి మీదికి దిగుతుంది. లైసెన్సుదారులు ఇంట్లోవాళ్లకు కూడా ఈ సెక్షన్ చదివి వినిపించాలి.

.32 బోరులో ఇనుమా పాలిమరా అన్న పోటీ మన అంగళ్లలో పెద్దగా లేదు. దొరికేది దాదాపు అంతా లోహమే. ఎందుకంటే 1980ల మధ్య నుంచి మామూలు లైసెన్సుదారులకు విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోయింది. అప్పటికే దేశంలో ఉన్నవి చేతులు మారుతూ తిరుగుతున్నాయి. పాత వాల్తర్‌కు, బ్రౌనింగ్‌కు లక్షల్లో ధర పలకడానికి కారణం ఆ కొరతే. ఆ ధరలో పనితనం విలువ కొంతే.

అలాగని వాల్తర్‌ను తక్కువ చెయ్యను. పీపీ 1929లో, పీపీకే 1931లో వచ్చాయి. .32లో పీపీకే ఉక్కు ఫ్రేముతో కూడా 600 గ్రాముల ప్రాంతమే ఉంటుంది. ఈ బోరులో బరువు లెక్కే మారిపోతుంది. .32 తూటా శక్తి నైన్ ఎంఎంలో మూడో వంతుకు కాస్త పైన. తన్ను తక్కువ. కాబట్టి తేలిక ఫ్రేము కోసం అంత ఆరాటపడాల్సిన పనిలేదు. పీపీకేలో బ్యారెల్ ఫ్రేముకు కదలకుండా బిగించి ఉంటుంది, గురి నికరంగా ఉంటుంది. కానీ స్లయిడ్‌ను ఆపేది స్ప్రింగు బలం, స్లయిడ్ బరువు మాత్రమే కాబట్టి ఆ స్ప్రింగు గట్టిగా ఉంటుంది. అరవై దాటినవాళ్లకు, కీళ్లనొప్పులున్నవాళ్లకు స్లయిడ్ లాగడం కష్టం. కొనేముందు ఇంట్లో ఎవరి పేర లైసెన్సుందో ఆ మనిషితోనే ఖాళీ పిస్టల్ స్లయిడ్ పదిసార్లు లాగించి చూడండి.

తేలికే కావాలంటే మన కాన్పూర్ వేరే దారిలో తెచ్చింది. ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీలో తయారై 2014లో వచ్చిన నిర్భీక్ రివాల్వర్‌లో టైటానియం మిశ్రమ లోహం వాడి బరువును అరకిలోకు దించారు. అప్పట్లో ధర లక్షా ఇరవై రెండు వేల చిల్లర. వెబ్లీ నమూనాలో వచ్చే మామూలు .32 ఉక్కు రివాల్వర్ ఏడొందల గ్రాముల ప్రాంతం. 2023లో కాన్పూర్ నుంచే ప్రబల్ వచ్చింది. దాని సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది. పాతవాటిలా మెడ విరిచి తెరవక్కర్లేదు. ఇంట్లో బీరువాలో ఉంచి, ఏడాదికి నాలుగుసార్లు తీసి తుడిచేవాడికి నేను ఉక్కు రివాల్వర్‌నే చెప్తాను. మ్యాగజైన్ స్ప్రింగు గొడవ లేదు. తూటాలున్నాయో లేదో తెరిచి చూస్తే కళ్లముందే కనపడుతుంది. ఆరు రౌండ్లే, కానీ ఇంట్లో అర్ధరాత్రి లేచిన మనిషికి కావాల్సింది మొదటిది నమ్మకంగా పేలడం.

పాత విదేశీ పిస్టల్ కొనాలనే పట్టుదల ఉంటే, లైసెన్సున్న గన్‌స్మిత్ దగ్గర విప్పించి చూడండి. బ్యారెల్ లోపల మెలికల గాళ్లు పదునుగా మెరవాలి. గుంటలు గుంటలుగా నల్లగా ఉంటే వదిలెయ్యండి. స్లయిడ్, ఫ్రేము, బ్యారెల్ నంబర్లు, లైసెన్సులో రాసిన నంబరు ఒకటేనా చూడండి. మ్యాగజైన్ అసలుదా, ఎక్కడో తయారుచేయించినదా? పిస్టల్ బాగుండి మ్యాగజైన్ దొంగదైతే రెండో రౌండుకే ఇరుక్కుంటుంది. తొలినాళ్ల పిస్టళ్లు చాలావాటిలో కిందపడితే పేలకుండా ఆపే ఏర్పాటు లేదు కాబట్టి చాంబర్లో రౌండుతో వాటిని మొయ్యొద్దు. లేత్ షాపులో స్ప్రింగు చుట్టించుకోవడం, పిన్ను తయారుచేయించుకోవడం లాంటివి చెయ్యొద్దు. అది నేరం కూడా. ఒక లైసెన్సుదారుడు ఇంకొకరికి అమ్మాలంటే జిల్లా మేజిస్ట్రేటుకో, దగ్గర్లోని పోలీస్ స్టేషనుకో రాతపూర్వకంగా తెలిపి 45 రోజులు ఆగాలి. "ముందు డబ్బులివ్వండి, కాగితాలు తర్వాత" అనేవాడి దగ్గర ఒక్క నిమిషం కూర్చోవద్దు.

ఇక క్రీడ కోసం తుపాకీ పట్టే పిల్లల తల్లిదండ్రులకు ఒక్కమాట. వాళ్లకు ఈ పోలిక వర్తించదు. 25 మీటర్ల పోటీల్లో పిస్టల్ 1,400 గ్రాముల దాకా ఉండవచ్చు, 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ 1,500 దాకా. అక్కడ బరువును కావాలని పెంచుకుంటారు. నిలకడే పతకం.

ఆ ఇద్దరూ ఏం చేశారంటే

మావాడికి నేను ఏది తీసుకోవాలో చెప్పలేదు. ఖాళీ పిస్టల్ ముందు గురిపుల్ల మీద రూపాయి బిళ్ల పెట్టి, అది పడకుండా ట్రిగ్గర్ నొక్కడం రోజుకు ఇరవైసార్లు చెయ్యమన్నాను. ఫైరింగ్ రోజు రెండింటితో పదేసి రౌండ్లు కొట్టే అవకాశం అడగమన్నాను. నెల తర్వాత ఫోన్ చేశాడు. "మామా, పాతదాంతో పది అరచేతిలో పట్టేంత గుంపు. గ్లాక్‌తో పదిలో మూడు కిందికి పోయినాయి. అయినా అదే అడిగినా. రోజూ బిళ్ల పెట్టుకుని చేస్తా. జీపులో దాంతో కూర్చోవచ్చు." వాడి చెయ్యి చిన్నది. పలక మార్పించుకున్నావా అంటే లేదన్నాడు. ఈ వారం మార్పించుకుంటాడు.

ఆదోని ఆయన వాల్తర్‌ను విప్పించి చూశాడు. బ్యారెల్ బాగుంది. మ్యాగజైన్ ఒక్కటే ఉంది, అదీ పెదవుల దగ్గర వంకర తిరిగింది. ఇంకోటి ఎక్కడా దొరకలేదు. ఆయన ఆ డబ్బులో కొంత పెట్టి కాన్పూర్ రివాల్వర్‌కు రాసుకున్నాడు. "తేలికదా, ఉక్కుదా?" అని నేనడిగితే, "ఉక్కుదే అన్నా, బీరువాలోనే కదా ఉండేది" అన్నాడు. తుడవడానికి గుడ్డ, నూనె నేనిస్తానని చెప్పాను.